మాస్టోడాన్ నుంచి గోటుసోషల్‌కు మారినోళ్లు ఎవరన్నా ఉన్నరా?

నమస్తే. హన్మకొండల మేం కొంతమంది దోస్తులం కలిసి చిన్న మాస్టోడాన్ సర్వర్ నడుపుతున్నం (ట్విట్టర్ లాంటిదే, కానీ ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకుని ఒకదానితోని ఒకటి కలుపుకోవచ్చు). పాకాల, రామప్ప చెరువుల నీళ్లు, కాకతీయుల శాసనాల ఫొటోలు, ఎనుమాముల మార్కెట్ల పత్తి ధర, ఇవే మా ముచ్చట్లు. రాసేటోళ్లు ముప్పై మందికి మించరు. అయినా 2 జీబీ ర్యామ్ సరిపోతలేదు. రూబీ ప్రాసెస్‌లు, సైడ్‌కిక్, పోస్ట్‌గ్రెస్, రెడిస్ అని అది నడిచేందుకు కావాల్సిన ప్రోగ్రాములన్నీ అందులనే. పది మంది చుట్టాలకు పెళ్లి గాడిపొయ్యి తవ్వినట్టుంది. ఇగ తెలుగుల వెతుకులాటకు ఎలాస్టిక్‌సెర్చ్ పెడదామంటే ఆ ఊసే ఎత్తేటట్టు లేదు.

అందుకే అదే పని చేసే తేలికైన సాఫ్ట్‌వేర్ గోటుసోషల్ చూస్తున్న. ఒక్కటే ప్రోగ్రాం ఫైలు, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తోనే నడుస్తది. రాసుకునేందుకు సొంత వెబ్ పేజీ ఉండదు, టస్కీ లాంటి యాప్ కావాలె. మావోళ్లంతా ఫోన్లల్లనే ఉంటరు కాబట్టి ఫికర్ లేదు.

తిప్పలంతా డొమైన్‌తోని. అదే డొమైన్ మీద సాఫ్ట్‌వేర్ మార్చొద్దని వాళ్ల డాక్యుమెంటేషన్లనే ఉంది. పోస్టు మనదేనని రుజువు చేసే ఖాతాల కీలు మారితే, పాతవి దాచుకున్న బయటి సర్వర్లు మన పోస్టులు తీసుకోవు. కొత్త సబ్‌డొమైన్‌కు పోతే ఫాలోవర్లు వస్తరు, పాత పోస్టులు రావు.

ఆ శాసనాల ఫొటోల కింద మంచి చర్చలున్నయి, అవి పోవద్దు. పాత సర్వర్‌ను స్టాటిక్ పేజీలుగా (సాఫ్ట్‌వేర్ నడవకున్నా చదువుకునే మామూలు వెబ్ పేజీలు) మార్చి, అవే లింకుల మీద ఉంచినోళ్లు ఉన్నరా? దేంతోని చేసిండ్రు?

ఇంకోటి. గోటుసోషల్‌ను ఇంట్ల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పెట్టాలని ఉంది. బయటినుంచి నేరుగా చేరే పబ్లిక్ ఐపీ అడ్రస్ లేదు, చిన్న వీపీఎస్ (కిరాయి సర్వర్) నుంచి ఇంటికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ వేసుకుంట. కాసేపు బందయితే బయటి సర్వర్లు ఆగిన పోస్టులను మళ్ల పంపుతయి, అది సరే. కానీ వానకాలంల ఉన్నట్టుండి కరెంట్ పోతే ఎస్‌డీ కార్డు మీది డేటాబేస్ ఆగమైతదా? ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్ రెండూ కొనాల్నా, ఒక్కటి చాలా?