కణితిలోని జన్యువునే ఎందుకు సరిచేయరు?

ప్రశ్న:

కేన్సర్‌కు మూలం జన్యువుల్లో వచ్చే మార్పులేనని చదువుతూనే ఉన్నాం. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో డీఎన్ఏను కోరిన చోట కత్తిరించవచ్చని జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పాంటియే 2012లో చూపారు. అందుకు 2020లో రసాయన శాస్త్ర నోబెల్ కూడా అందుకున్నారు. అలాంటప్పుడు కణితిలో చెడిపోయిన జన్యువునే సరిచేయవచ్చు కదా? నేను చదివిన చికిత్సా ప్రయోగాల్లో మాత్రం రోగనిరోధక కణాలనే సవరిస్తున్నారు, కణితి జోలికి వెళ్లడం లేదు. కారణమేమిటో, ఈ సవరణ వల్లే కొత్తగా కేన్సర్ రావచ్చన్న మాటలో నిజమెంతో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:

కత్తిరించడం ఇప్పుడు సులువే. ఆ పరికరాన్ని కణితిలోని ప్రతి కణానికీ చేరవేయడమే కష్టం. కోట్ల కొద్దీ కణాల్లో నూటికి తొంభై దారికి వచ్చినా, మిగిలిన పదీ మళ్లీ పెరిగి వ్యాధిని తిరగబెడతాయి. పైగా ఒకే కణితిలో అన్ని కణాల లోపాలూ ఒకేలా ఉండవు. సికిల్ సెల్ వంటి రక్తవ్యాధుల్లో మూలకణాలలో కొంత భాగాన్ని సవరించినా రోగికి మేలు జరుగుతుంది. క్రిస్పర్ ఆధారిత తొలి చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించింది కూడా అటువంటి వ్యాధులకే. రోగనిరోధక కణాల్లో ఒక రకమైన టీ కణాలనైతే రక్తం నుంచి వేరుచేసి, ప్రయోగశాలలో సవరించి, పరీక్షించి, పెంచి, తిరిగి ఎక్కించవచ్చు. ఒంట్లోకి వెళ్లాక అవే వృద్ధి చెంది కేన్సర్ కణాలను వెతికి చంపుతాయి.

సమాధానం 2:

పై మాటకు ఒక ఉదాహరణ చేరుస్తాను. టీ కణాల నుంచే పుట్టే రక్త కేన్సర్‌ విషయంలో, చంపవలసిన కణమూ చంపే కణమూ ఒకే జాతివి. రెండింటి మీదా సీడీ7 అనే గుర్తు ఉంటుంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో 2022లో దాత ఇచ్చిన టీ కణాలకు మూడు సవరణలు చేశారు. రోగి శరీరంపై దాడి చేయకుండా వాటి సహజ గ్రాహకాన్ని (ఇతర కణాలను గుర్తుపట్టే అణువును), ఒకదాన్నొకటి చంపుకోకుండా సీడీ7ను, రోగికి ఇచ్చే ఒక మందుకు బలికాకుండా సీడీ52 అనే మరో గుర్తును తొలగించారు. ఆ తర్వాతే సీడీ7ను గుర్తుపట్టే కొత్త గ్రాహకాన్ని అమర్చారు. ఇక్కడ డీఎన్ఏ రెండు పోగులనూ తెంచలేదు, ఒక్కొక్క అక్షరాన్ని మార్చారు. దీన్ని బేస్ ఎడిటింగ్ అంటారు.

తొలి రోగి పదమూడేళ్ల బాలిక. అన్ని చికిత్సలూ విఫలమైన ఆమెలో నెల తిరిగేసరికి కేన్సర్ జాడ లేకుండా పోయింది, ఆపై ఎముక మజ్జ మార్పిడి జరిగింది. అయితే తొలి ముగ్గురిలో ఒకరు శిలీంధ్ర ఇన్ఫెక్షన్‌తో మరణించారు. ఆ సంగతి చెప్పకుండా ఈ విజయం గురించి మాట్లాడటం రోగుల కుటుంబాలకు న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారు:

చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. రెండు పోగులూ తెగితే వచ్చే ముప్పు ఏమిటి?

సమాధానం 3:

ఒకేసారి పలుచోట్ల తెంచితే, అతుక్కునేటప్పుడు ఒక క్రోమోజోమ్ ముక్క మరొకదానికి అంటుకోవచ్చు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం ముగ్గురు కేన్సర్ రోగులకు క్రిస్పర్‌తో సవరించిన కణాలను ఎక్కించి 2020లో ప్రకటించిన ఫలితాల్లో అటువంటి అతుకులు కనిపించాయి, కాలక్రమేణా తగ్గాయి. సవరించిన కణాలు తొమ్మిది నెలల వరకూ నిలిచాయి, తీవ్రమైన దుష్ఫలితాలు రాలేదు, కానీ వ్యాధిపై ప్రభావం పరిమితంగానే ఉంది. రెండో ముప్పు పీ53 జన్యువుకు సంబంధించినది. డీఎన్ఏ తెగగానే ఆ జన్యువు కణ విభజనను ఆపుతుంది కనుక, పీ53 పాడైన కణాలే సవరణను సులభంగా తట్టుకుని మిగిలే అవకాశం ఉందని 2018లో తేలింది. పీ53 పాడవడం చాలా కేన్సర్లలో కనిపించే లోపం కాబట్టి మీరు విన్న భయం నిరాధారం కాదు. ఎక్కించే ముందు కణాలను పరీక్షించడం, రోగులను ఏళ్ల తరబడి గమనించడం అందుకే తప్పనిసరి.

సమాధానం 4:

చికిత్సలో కాకపోయినా, పరిశోధనలో కణితి కణాలనూ విస్తృతంగా సవరిస్తున్నారు. వేల జన్యువులను ఒక్కొక్కటిగా ఆపి, దేన్ని ఆపితే కేన్సర్ కణం చస్తుందో చూస్తారు. డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను దిద్దుకోలేని కొన్ని పెద్దపేగు, గర్భాశయ కేన్సర్లు డబ్ల్యూఆర్ఎన్ అనే ఎంజైము లేకుండా బతకలేవని 2019లో ఇలాగే బయటపడింది. సాధారణ కణాలు మాత్రం అది లేకున్నా తట్టుకోగలవు. ఆ ఎంజైమును అడ్డుకునే మందులు ఇప్పటికే రోగులపై పరీక్షల దశకు చేరాయి. వాటిని వాడేటప్పుడు రోగి ఒంట్లో ఏ జన్యువునూ కత్తిరించనవసరం లేదు.