పి విలువ 0.20 వస్తే చికిత్స పని చేయనట్టేనా?

ఫార్మ్‌డి విద్యార్థిని, ఉప్పల్:
మా కాలేజీ జర్నల్ క్లబ్బులో రక్తపోటు మీద జరిగిన రెండు అధ్యయనాలను పోల్చి చెప్పవలసి ఉంది. రెండింటిలోనూ కొందరికి సిస్టోలిక్ బీపీని (బీపీలో పై అంకెను) 120 లోపుకు, మిగిలినవారికి 140 లోపుకు తేవాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. 2015లో వెలువడిన స్ప్రింట్‌లో షుగరు ఉన్నవారిని చేర్చుకోలేదు. 120 లక్ష్యం ఉన్నవారిలో గుండెజబ్బు, పక్షవాతం వంటి ఘటనలు 25 శాతం తగ్గాయని, పి విలువ 0.001 కన్నా తక్కువని అందులో ఉంది. 2010 నాటి అకార్డ్‌లో అందరూ షుగరు ఉన్నవారే. అక్కడ పి విలువ 0.20. అలాగైతే షుగరు ఉన్నవారికి బీపీని అంతగా తగ్గించినా ప్రయోజనం లేదని స్లైడులో రాయవచ్చునా?

గణాంకశాస్త్ర అధ్యాపకుడు, తార్నాక:
రాయకూడదమ్మా. నిజంగా ఏ తేడా లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా గానీ, ఇంతకు మించిన తేడా గానీ కనిపించే అవకాశం ఎంతో పి విలువ చెబుతుంది. తేడా లేదని అది రుజువు చేయదు. అకార్డ్‌లో హజార్డ్ రేషియో, అంటే 140 వర్గంతో పోలిస్తే 120 వర్గంలో ఘటనలు వచ్చే వేగం, 0.88 (1 అయితే తేడా లేనట్టు, 0.75 అయితే 25 శాతం తగ్గినట్టు). దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే ఈ డేటాకు పొసగే విలువల పరిధి, 0.73 నుంచి 1.06 వరకు. స్ప్రింట్‌లో వచ్చిన 0.75 ఆ పరిధిలోపలే ఉంది కదా! అంటే 25 శాతం మేలును గానీ, స్వల్పమైన కీడును గానీ అకార్డ్ తోసిపుచ్చలేదు. 140 లక్ష్యం ఉన్నవారిలో ఏడాదికి 4 శాతం మందికి ఘటనలు వస్తాయని అంచనా వేసి 4,733 మందిని చేర్చుకుంటే, నిజానికి వచ్చినవి దాదాపు 2 శాతమే కావడంతో, తేడాను పట్టుకునే శక్తి ఆ అధ్యయనానికి చాలకపోయింది. ఫలితాన్ని గణనీయమని పిలవడానికి వాడుకలో ఉన్న 0.05 పి విలువ గీతకు ఒకటి ఇటు, మరొకటి అటు పడినంత మాత్రాన ఆ రెండు ఫలితాలూ పరస్పర విరుద్ధమని అనుకోవడం చదువుకున్నవారు కూడా తరచు చేసే పొరపాటు.

జనరల్ ఫిజీషియన్, దిల్‌సుఖ్‌నగర్:
సార్ చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. ఆ 25 శాతాన్ని ఒంటరిగా చూపించకండి. మూడేళ్లకు పైగా సాగిన స్ప్రింట్‌లో 140 వర్గంలో 6.8 శాతం మందికి, 120 వర్గంలో 5.2 శాతం మందికి ఘటనలు వచ్చాయి. అసలు తేడా 1.6 శాతమే. ఒక్కరికి ఘటన తప్పాలంటే సుమారు 61 మందికి అంతకాలం గట్టి చికిత్స ఇవ్వాలి. గట్టి చికిత్స పొందినవారిలో బీపీ మరీ పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువగా కనిపించాయి. పైగా ఆ అధ్యయనాన్ని మేలు కనబడగానే ముందే ఆపేశారు. అలా ఆపినప్పుడు ప్రభావం ఉన్నదానికంటే పెద్దదిగా తేలే ప్రమాదం ఉంటుంది. రోగిని ప్రశాంతంగా కూర్చోబెట్టి యంత్రంతో కొలిచిన 120నీ, మన ఓపీల్లో మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ కట్టి చూసే 120నీ ఒకటిగా లెక్కించలేమని నా అభిప్రాయం.

ఫార్మ్‌డి విద్యార్థిని, ఉప్పల్:
ధన్యవాదాలండీ. షుగరు ఉన్నవారిలో ఇదే ప్రశ్నను ఇంకా ఎక్కువమందితో పరీక్షించారా?

గణాంకశాస్త్ర అధ్యాపకుడు, తార్నాక:
పరీక్షించారు. చైనాలో 12,821 మందితో జరిగిన బీప్రోడ్ ఫలితాలు 2024లో వచ్చాయి. హజార్డ్ రేషియో 0.79, ఇంటర్వెల్ 0.69 నుంచి 0.90 వరకు. అకార్డ్ పరిధిలోనే పడే అంచనా ఇది. ఎక్కువమంది ఉండడం వల్ల ఇంటర్వెల్ ఇరుకై 1కి దిగువన నిలిచింది. ఇందులోనూ లక్షణాలతో కూడిన లో-బీపీ, రక్తంలో పొటాషియం పెరగడం 120 వర్గంలోనే ఎక్కువ. మూడింటి ఇంటర్వెల్‌లనూ ఒకే బొమ్మలో ఒకదాని కింద ఒకటి గీసి, డాక్టరు గారు చెప్పిన అసలు తేడాను పక్కన రాయండి.