క్రిస్మస్ ముందు పదిరోజులు: ప్రైమరీ పిల్లల హోంవర్కు వాట్సాప్‌లో రావాలా, డైరీలోనే ఉండాలా?

పటమట పేరెంట్ (విజయవాడ)
డిసెంబరు రెండో వారం దాటిందంటే ప్రైమరీ క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో సెమీ క్రిస్మస్ డ్రెస్సు, కారల్స్ ప్రాక్టీసు, స్లిప్ టెస్టు, మామూలు హోంవర్కు అన్నీ కలగాపులగంగా పడుతుంటాయి. రాత్రి ఎనిమిదిన్నరకి "రేపు చార్టు, గ్లిట్టర్ తేవాలి" అని వస్తుంది. దాని కింద ముప్పై మంది "ఓకే మేడమ్" పెట్టేసరికి సాయంత్రం పెట్టిన హోంవర్కు ఎక్కడో పైకి పోతుంది. నేననేది ఒకటే: 1 నుంచి 5 దాకా హోంవర్కు ఫోన్లో పెట్టడం మానేయాలి. ఏం ఇచ్చారో గుర్తుపెట్టుకోవడం పిల్లల పని. ఎలాగూ అమ్మ ఫోన్లో వస్తుందని తెలిస్తే క్లాసులో డైరీ తెరవరు. ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి.

బ్రాడీపేట టీచరు (గుంటూరు)
ఒప్పుకోనండీ, కనీసం రెండో తరగతి దాకా. బోర్డు మీది అయిదు లైన్లు డైరీలో ఎక్కించడానికి రెండో తరగతి పిల్లలకి పావుగంట పడుతుంది. చాలా స్కూళ్లలో ఆ పనిని ఆఖరి పీరియడ్ చివరి పది నిమిషాలకి నెడతారు. బెల్లు కొట్టగానే, ఆటో వెళ్లిపోతుందేమోనని సగంలో మూసేస్తారు. 'పేజీ 46' కాస్తా 64 అవుతుంది. 'పక్షుల బొమ్మలు' కాస్తా 'పకుల బొమలు' అవుతుంది. ఆ రాత చూసి ఇంట్లోవాళ్లు ఏం చేయించగలరు? గ్రూపులో ఒక్క మెసేజి పెడితే ఆ బాధ ఉండదు.

సత్యనారాయణపురం లెక్కల మాస్టారు
మేడమ్, ఆ తప్పులన్నీ డైరీ రాయించే వేళ దగ్గర వస్తున్నాయి. ఏ పీరియడ్ హోంవర్కు ఆ పీరియడ్‌లోనే, పాఠం అవగానే ఒక్క లైను రాయించండి. బోర్డుకి కుడివైపు రెండు జానల వెడల్పున గీత గీసి, ఆ భాగాన్ని సాయంత్రం దాకా చెరపకండి. వెనకబడ్డవాళ్లు మధ్యాహ్నం అన్నాల తర్వాత పూర్తి చేసుకుంటారు. పేజీ నంబరు రాశాక క్లాసంతా పైకి చదవాలి: "నలభై ఆరు". 46, 64 తేడా అక్కడే దొరుకుతుంది. ఆఖరి అయిదు నిమిషాల్లో పక్కపక్కవాళ్లు డైరీలు మార్చుకుని సరిచూసుకోవాలి. రోజూ తప్పు రాసే ఏడెనిమిది మందివి మాత్రం టీచరు చూసి టిక్కు పెడితే చాలు. ఒకటో తరగతి చేత రాయించనే వద్దు. ఒక ఏ4 కాగితం మీద అదే చీటీ 8 సార్లు ప్రింటు తీస్తే, 40 మందికి 5 కాగితాలు సరిపోతాయి. కత్తిరించి డైరీలో అంటించడమే.

భవానీపురం పేరెంట్
అసలు ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో ఎవరూ అనట్లేదు. ఇంటికి ఒకటే స్మార్ట్‌ఫోన్ అయితే అది నాన్న వెంట ఆటోలోనో, కొట్లోనో, మిర్చి యార్డులోనో ఉంటుంది. ఆయన తొమ్మిదింటికి వచ్చేసరికి పిల్ల పడుకుంటుంది. డైరీ అయితే బ్యాగుతోపాటే ఇంటికొస్తుంది.

అరండల్‌పేట ట్యూషన్ టీచరు
ఇంటికొస్తుంది సరే, చదివేవాళ్లు ఉండొద్దా అండీ? డైరీలో "లెర్న్ హార్డ్ వర్డ్స్, లెసన్ 7" అని ఉంటే, తెలుగు మాత్రమే వచ్చిన అమ్మమ్మకి ఏం అర్థమవుతుంది? అలాంటి ఇళ్లకి తెలుగులో వాయిస్ మెసేజి పెద్ద సాయం. నలభై సెకన్లు దాటకూడదు, వరస ఏ రోజూ మారకూడదు: తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, ఈవీఎస్, రేపు తేవాల్సినవి. ఇవ్వని సబ్జెక్టుని కూడా వదిలేయకండి, "ఈవీఎస్ లేదు" అనండి. ఆ మాట లేని రోజే టీచరుకి రాత్రి ఫోన్లు వస్తాయి.

కొరిటెపాడు పేరెంట్
ముందు ఎంత ఇవ్వాలో తేల్చండి. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. 3 నుంచి 5 దాకా వారానికి 2 గంటలు మించొద్దంది. ఆరు రోజుల బడికి పంచితే రోజుకి 20 నిమిషాలు. నాలుగు సబ్జెక్టులకీ ఇస్తే తలా 5 నిమిషాలు. ఆ 5 నిమిషాల్లో మూడో తరగతి పిల్ల నాలుగు కూడికలు చేస్తుంది, లేదా ఆరు పదాల డిక్టేషన్ రాస్తుంది. రెండు పేజీల చూచిరాత ఆ లెక్కలో ఎక్కడా పట్టదు. కారల్స్ ప్రాక్టీసుతో అలిసిపోయి వచ్చే ఈ పదిరోజులైనా ఆ లెక్క పాటించండి.

బ్రాడీపేట టీచరు
లెక్క సరైందే. హోంవర్కు చాలట్లేదని మీటింగ్‌లో అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు, వాళ్లకీ ఇదే చెప్పాలి. డైరీ మీద మాస్టారి పద్ధతికి ఒప్పుకుంటున్నాను. ఒకటి మాత్రం పట్టుబడతాను. పిల్లలు మోసుకురాలేని కబుర్లు కొన్ని ఉంటాయి. మిషనరీ స్కూళ్లకి క్రిస్మస్ సెలవులు ఎక్కువ, మిగతావాటికి సంక్రాంతి సెలవులు ఎక్కువ. అన్న ఒక స్కూల్లో, చెల్లి ఇంకో స్కూల్లో ఉంటే ఏ రోజు ఎవరికి బడో ఇంట్లో తికమకే. సెలవు తేదీలు, ప్రోగ్రాం రోజు పిల్లల్ని తీసుకెళ్లే టైము, డ్రెస్సు రంగు ఫోన్లోనే రావాలి.

సత్యనారాయణపురం లెక్కల మాస్టారు
దానికి అభ్యంతరం లేదు. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజి పెట్టేలా సెట్ చేయండి, ఓకేల గోల పోతుంది. సెలవుల మెసేజిని 30 రోజులకి పిన్ చేయండి. తప్పు పడితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు కానీ, అప్పటికే చదివినవాళ్లు మళ్లీ చూడరు. అందుకే 'సవరణ' అని మొదలుపెట్టి కొత్త మెసేజి పెట్టడం మేలు. బోర్డు ఫోటో పంపేవాళ్లు రాసేముందు తడిగుడ్డతో తుడవండి, సుద్దపొడి మీద అక్షరం తేలదు. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి నిలబడి తీస్తే ట్యూబ్‌లైటు మెరుపు పడదు. రోజూ కబురు ఈపాటి ఉంటే చాలు:

"3-బి, మంగళవారం. ఈరోజు భాగహారం మొదలుపెట్టాం. 12 చింతగింజల్ని ముగ్గురికి పంచమని ఇంట్లో అడగండి. హోంవర్కు డైరీలో ఉంది. శుక్రవారానికి: ఎర్ర చార్టు ఒకటి. రేపు కొనాల్సింది ఏమీ లేదు."

పటమట పేరెంట్
ఇలా ఉంటే నాకూ అభ్యంతరం లేదు. కొనాల్సినవి మాత్రం మూడు రోజుల ముందు చెప్పాలి. థర్మకోల్ అసలు అడగొద్దు. అలంకరణకి వాడే థర్మకోల్‌ని దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. పశువుల పాకకి వరిగడ్డి, మంచుకి దూది చాలు. రెండో తరగతి పిల్లలకి అయిదు కొనల స్టార్ ఇవ్వడమూ తప్పే, కొలత కుదరక చివరికి ఇంట్లో పెద్దవాళ్లే చేసిపెడతారు.

సత్యనారాయణపురం లెక్కల మాస్టారు
ఆరు కొనలది చేయించండి. రెండు సమబాహు త్రిభుజాలు చాలు. 15 సెం.మీ. అడ్డగీత గీసి, మధ్యలో 7.5 దగ్గర నిలువుగా 13 సెం.మీ. గీసి, ఆ చివరని రెండు మూలలకి కలపాలి. నిలువు కూడా 15 గీసేస్తుంటారు, అప్పుడు కొనలు సమానంగా రావు. రెండు త్రిభుజాలకీ ప్రతి భుజం మీద 5, 10 దగ్గర చుక్కలు పెట్టాలి. ఒకదాన్ని తలకిందులు చేసి, చుక్క మీద చుక్క కూర్చునేలా రెండోదాని మీద ఉంచితే స్టార్ వచ్చేసినట్టే. ఫెవికాల్ మధ్యలో మూడు బొట్లు చాలు, ఎక్కువైతే చార్టు ముడుచుకుంటుంది. దారానికి రంధ్రం కొనకి 1 సెం.మీ. కిందుగా ఉండాలి, లేకపోతే చిరుగుతుంది. గీతలు రెండో తరగతికి టీచరే గీసివ్వాలి, నాలుగుకి వాళ్లే గీసుకుంటారు.

కొరిటెపాడు పేరెంట్
ఇంకొకటి. మరియమ్మ, శాంటా వేషాల్లో పిల్లల ఫోటోలు నలభై ఇళ్ల ఫోన్లకి వెళ్తున్నాయి. ముందుగా తల్లిదండ్రుల్ని అడిగి డైరీలో సంతకం తీసుకోండి. వద్దన్న పిల్లల్ని వరస చివర నిలబెడితే ఫోటోలో పక్కకి తప్పించడం తేలిక. ప్రార్థనలో కూర్చోబెట్టేటప్పుడూ అంతే. గుర్తింపు ఉన్న బడిలో మైనర్ పిల్లలకి సంరక్షకుల అనుమతి కావాలని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది.

భవానీపురం పేరెంట్
జ్వరం వచ్చి బడికి రాని పిల్లల మాటేంటి? వాళ్ల డైరీ ఖాళీ కదా. హోంవర్కు ఫోన్లో వద్దంటే ఎవర్ని అడగాలి?

బ్రాడీపేట టీచరు
అందుకే నేను గ్రూపు పూర్తిగా వద్దనను. రాని పిల్లల ఇళ్లకి మాత్రం విడిగా, పక్క బెంచీ డైరీ పేజీ ఫోటో పంపిస్తే సరిపోతుంది.

సత్యనారాయణపురం లెక్కల మాస్టారు
జ్వరంతో ఉన్న పిల్లకి హోంవర్కు ఎందుకండీ? ఏ పాఠం, ఏ పేజీ దాకా అయిందో చెప్పండి చాలు. తిరిగొచ్చిన రోజు పక్కవాళ్ల డైరీ చూసి తనే ఎక్కించుకుంటుంది.