నార్మల్ మ్యాప్‌లు పాడవకుండా గేమ్ సైజు తగ్గించేదెలా?

మొబైల్ గేమ్ సైజు తగ్గించడానికి టెక్స్చర్లన్నీ (వస్తువుల మీద పరిచే బొమ్మలు) ఏఎస్‌టీసీ 4×4 నుంచి 8×8కి మార్చాం; ఇది బొమ్మను అన్నేసి పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిని 128 బిట్లలోకి కుదించే పద్ధతి. 2048×2048 టెక్స్చర్ 4 ఎంబీ నుంచి 1 ఎంబీకి దిగింది (మిప్‌మ్యాప్‌లు, అంటే దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న ప్రతులు, కలిపితే మరో మూడోవంతు). రంగు టెక్స్చర్లలో తేడా పెద్దగా కనబడదు. దెబ్బతిన్నవి నార్మల్ మ్యాప్‌లే (ఉపరితలం ఏ చోట ఎటు తిరిగి ఉందో చెప్పి, వెలుతురు ఎలా పడాలో తేల్చే టెక్స్చర్లు). నున్నటి లోహం మీద, ముఖాల మీద వెలుతురు గళ్లు గళ్లుగా విరిగిపోతోంది. 8×8 గడిలో 64 పిక్సెళ్లకు కలిపి 128 బిట్లే దక్కుతాయి కదా, ఎన్‌కోడర్‌ను (కుదించే సాఫ్ట్‌వేర్‌ను) నెమ్మదిగా, మరింత నాణ్యంగా పనిచేసే థరో సెట్టింగ్‌లో నడిపినా ఫలితం అంతంతమాత్రమే.

మిగిలిన దారులు రెండు. 1024కి కుదించి 4×4లో ఉంచితే అదే 1 ఎంబీ. గళ్లు పోతాయి గానీ బట్టల కుట్లు, సన్నని గీతలు మసకబారతాయి. లేదా 2048నే 6×6లో పెట్టాలి, సుమారు 1.8 ఎంబీ. అప్పుడు ఉపరితల దిశలోని ఎక్స్‌ను ఆర్‌జీబీలో (రంగు చానెళ్లలో), వైని ఆల్ఫాలో (పారదర్శకత చానెల్‌లో) దాచి, మిగిలిన జెడ్‌ను షేడర్‌లో (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రాంలో) లెక్కగట్టాలి.

ఈ రెండో పద్ధతి 6×6లో ముఖాలకు సరిపోతుందా? పాత ఫోన్లలో, 30 ఎఫ్‌పీఎస్‌కి (సెకనుకు 30 ఫ్రేములకు) ఒక్కో ఫ్రేముకు ఉన్న 33.3 మిల్లీసెకన్లలో ఆ అదనపు లెక్క ఎంత తింటుంది? కొలిచి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఇంకొకటి: శబ్దాలన్నిటి శాంపిల్ రేటును (సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలిచి దాస్తామో ఆ సంఖ్యను) 22.05 కిలోహెర్ట్జ్‌కి దించాలన్న ప్రతిపాదన ఉంది. ఆ రేటులో సగం వరకు ఉన్న శబ్దాలే నిలుస్తాయి కాబట్టి 11 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పోతుంది. మాటలకు ఫర్వాలేదు, కత్తుల చప్పుడు మొద్దుబారుతుంది. వేటిని దించకుండా వదిలేయాలో మీరెలా తేలుస్తారు?