90–93 పాటల్లో నా టాప్ టెన్ (కోడిపెట్టకి చోటు లేదు, కొట్టుకోండి)

కౌశిక_ఒడ్డు:
1990 నుంచి 93 దాకా వచ్చిన పాటల్లో నాకు నచ్చిన పది, కింద నుంచి పైకి చెబుతున్నా. సినిమా ఎన్ని రోజులాడిందన్న లెక్క ఇందులో లేదు.

పదోది రౌడీ అల్లుడులో 'అమలాపురం బుల్లోడా'. మాది అంబాజీపేట పక్కనే, ఊరి అభిమానం తప్ప ఇంకో కారణం లేదు. తొమ్మిది, ఏప్రిల్ 1 విడుదలలో 'చుక్కలు తెమ్మన్నా'. వంశీ మన పసలపూడి మనిషి. ఆయన సినిమా అంటే ఇళయరాజా వేరే మూడ్‌లో కూర్చునేవారేమో అనిపిస్తుంది. ఎనిమిది గ్యాంగ్ లీడర్ 'వానా వానా వెల్లువాయే', ఏడు బంగారు బుల్లోడు 'స్వాతిలో ముత్యమంత'. రెండూ వాన పాటలే, ముందూ వెనకా మీ ఇష్టం. ఆరు ఆదిత్య 369 'జాణవులే'. బాలు పక్కన జిక్కి గారి గొంతు పెట్టారు చూడండి, రాయలవారి కొలువు అన్నాక పాతకాలం గొంతు ఉండాలని ఎవరికి తట్టిందోగానీ దణ్ణం పెట్టాలి.

ఐదు రోజాలో 'చిన్ని చిన్ని ఆశ'. నాలుగు జగదేకవీరుడు అతిలోకసుందరిలో 'అబ్బనీ తియ్యనీ దెబ్బ'. మూడు స్వాతికిరణం 'ఆనతినీయరా', వాణీ జయరాంకి జాతీయ అవార్డు తెచ్చిన పాట. రెండు సీతారామయ్యగారి మనవరాలులో 'పూసింది పూసింది పున్నాగ'.

ఒకటి: క్షణక్షణంలో 'జామురాతిరి జాబిలమ్మ'. అడవిలో రాత్రి, భయపడుతున్న అమ్మాయికి వాడు జోల పాడతాడు, అంతే సీను. సిరివెన్నెల గారు అక్కడ ప్రేమ కబుర్లేం రాయలేదు, నిద్రపుచ్చడానికే రాశారు. ఇంట్లో అందరూ పడుకున్నాక వాల్యూమ్ బాగా తగ్గించి వినేవాణ్ణి. చిత్ర గొంతు వచ్చే చోట టేపు ఎక్కువసార్లు తిరిగి అరిగిపోయింది.

కాకినాడ_కాజా:
బంగారు కోడిపెట్ట ఏదీ?

మైకుసెట్టు_మూర్తి:
నేనూ అదే అడుగుదామని వచ్చాను. 1992లో ఘరానా మొగుడు వచ్చాక గోదావరి జిల్లాల్లో ఆ పాట మోగని పందిరి ఉందా? మాది పాలకొల్లు వైపు. అప్పట్లో మైకుసెట్టు నడిపేవాణ్ణి. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, వినాయకచవితి, అంతర్వేది తీర్థం, అన్నీ చేశాను. క్యాసెట్ మార్చే తీరికుండేది కాదు. పాట అయిపోగానే వెనక్కి తిప్పి మళ్ళీ అదే. కీరవాణి ట్యూన్, భువనచంద్ర సాహిత్యం, చిరంజీవి, డిస్కో శాంతి. 2009లో మగధీరలో అదే పాట మళ్ళీ వేశారంటే ఊరికే వేశారా?

జామురాతిరి మంచి పాటే, కాదనను. కానీ మైకులో వేస్తే ఎవడూ నిలబడి వినలేదు. భోజనాల టైముకి వేసేవాళ్ళం దాన్ని.

అచ్చతెలుగు_తణుకు:
ఐదో నంబరు తీసేయండి. రోజా డబ్బింగ్ సినిమా. తమిళంలో తీసి, తమిళానికి పెదాలు ఆడించి, తర్వాత తెలుగు మాటలు అతికించారు. అది తెలుగు పాటల లిస్టులోకి ఎలా వస్తుంది?

కౌశిక_ఒడ్డు:
మూర్తి గారూ, పెళ్ళిపందిట్లో భోజనాల టైముకి వేసే పాటంటే జనం కూర్చుని, ప్రశాంతంగా, నోట్లో ముద్ద పెట్టుకుని వినే పాట. అంతకన్నా గౌరవం ఏముంటుంది?

తణుకు గారూ, రాజశ్రీ గారు రాసిన మాటలవి. అతికించినట్టు మీకెక్కడ అనిపించింది? ఒక్క చోటు చూపించండి.

అచ్చతెలుగు_తణుకు:
మాటలు బాగున్నాయా లేదా అన్నది ప్రశ్న కాదు. మొదట ఏ భాషలో పుట్టింది అన్నదే ప్రశ్న.

డల్లాస్_గోదారోడు:
చంటి పాటలన్నీ తమిళ చిన్నతంబి ట్యూన్లే కదా గురూ, అవి తెలుగు పాటలేనా మరి?

అచ్చతెలుగు_తణుకు:
చంటి రీమేక్. తెలుగులో మళ్ళీ తీశారు. వెంకటేష్ తెలుగులో పెదాలు కదిపాడు. తేడా చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

కౌశిక_ఒడ్డు:
పాట వినేది చెవులతో సార్. ఆకాశవాణిలో వింటే పెదాలు కనిపిస్తాయా? మాకు టీవీ లేని రోజుల్లో, శుక్రవారం చిత్రలహరికి పక్కింటి అరుగు మీద చోటు దొరికితే గొప్ప. నేను రోజా పాట మొదట విన్నది రేడియోలోనే. అది తమిళ సినిమా అని తెలిసేసరికి పాట మొత్తం నోటికి వచ్చేసింది.

అసలు పుట్టుక లెక్కలు తీస్తే గ్యాంగ్ లీడర్‌కి ట్యూన్లు కట్టిన బప్పీలహరి బెంగాలీ, చిత్ర మలయాళీ, వాణీ జయరాం వేలూరులో పుట్టారు. ఘరానా మొగుడు కథే కన్నడం నుంచి వచ్చింది. ఎవరెవర్ని బయటికి పంపిస్తారు?

అచ్చతెలుగు_తణుకు:
పాడేవాళ్ళ గురించి నేను మాట్లాడలేదు. దారి మళ్ళించకండి. రోజా డబ్బింగా కాదా? అవును, కాదు, ఒక్క మాట.

ఆత్రేయపురం_పూత:
డబ్బింగే. తినండి, పడుకోండి.

మైకుసెట్టు_మూర్తి:
ఆ గొడవ పక్కన పెట్టండి. నా పాయింటుకి ఎవరూ సమాధానం చెప్పట్లేదు. కౌశిక గారి లిస్టు మొత్తం గదిలో కూర్చుని వినే లిస్టు. నాలుగో నంబరు తప్ప. అది కూడా మైకులు మోసిన పాటే. జగదేకవీరుడు అతిలోకసుందరి వచ్చింది 1990 మే 9న. అదే రోజు తుఫాను తీరం దాటింది. కృష్ణా, గుంటూరే కాదు, మన రెండు జిల్లాలూ దెబ్బతిన్నాయి. స్తంభాలు పడిపోయి కరెంటు లేదు. హాళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. అయినా ఆ సినిమా ఎంత ఆడిందో అందరికీ తెలుసు. కరెంటు లేని ఊళ్ళల్లో ఆ పాటలు ఎలా మోగాయనుకుంటున్నారు? జనరేటర్ మీద మా సెట్లే మోగించాయి.

మీకు ఇంకో సంగతి తెలియదు. మైకులో పాట బాగా రావాలంటే పాట్లు ఉంటాయి. తీర్థంలో దుమ్ము. గంటకోసారి డెక్ మూత తీసి, పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి హెడ్ తుడవాలి. గోధుమరంగు పొడి వస్తుంది, టేపు మీద పూతే అది. తుడవకపోతే చిత్ర గొంతు ముక్కుతో పాడినట్టు ఉంటుంది. బెల్టు సాగిందా, బాలు గారు కల్లు తాగి పాడుతున్నట్టే. అన్నీ సరిచేసుకుని, హారన్లు కొబ్బరిచెట్టుకి కట్టి ఊరంతటికీ వినిపిస్తే, ముప్పై ఏళ్ళ తర్వాత ఒకాయన వచ్చి వాల్యూమ్ తగ్గించి విన్న పాట నంబర్ వన్ అంటాడు. మీకు ఇంట్లో టేప్‌రికార్డర్ ఉంది కాబట్టి తగ్గించుకున్నారు. లేనోళ్ళందరూ మా మైకులోనే విన్నారు.

కౌశిక_ఒడ్డు:
ఇప్పుడు టేప్‌రికార్డర్ ఉండటం కూడా నేరమా? మా నాన్న మస్కట్ నుంచి వచ్చిన బంధువు దగ్గర పాతది కొన్నారు. అదీ 96 నవంబరు తుఫానులో ఇంటి కప్పుతో సహా పోయింది. మా చెట్లు ఎన్ని పడ్డాయో చెప్పి ఏడిపించమంటారా?

మీ హారన్ల సంగతీ చెబుతా. మా ఊళ్ళో పెళ్ళయితే తెల్లవారుజామున మొదలుపెట్టి పడమటింటి ముసలాయన గుండె పట్టుకునేదాకా మోగించేవారు. మా అక్క పదో తరగతి పరీక్షల ముందు రాత్రి అంతే. వెళ్ళి బతిమాలినా తగ్గించలేదు మీలాంటి ఒకాయన. జనం విన్నారంటారేంటి? చెవులు మూసుకునే వీలు లేక విన్నారు.

మైకుసెట్టు_మూర్తి:
మీ అక్క పరీక్షకీ నాకూ ఏంటి సంబంధం? పెళ్ళివారు వేయమన్నారు, వేశాం.

కాకినాడ_కాజా:
మూర్తి బాబాయ్ ఫైర్ 🔥

వశిష్ఠ_గట్టు:
మూర్తి గారూ, తీర్థాల్లో ఆ పాటని మళ్ళీ మళ్ళీ వేయమన్నది ఎవరు?

మైకుసెట్టు_మూర్తి:
జనం, బ్రదర్. చీటీల మీద చీటీలు. ఆ చీటీలు పెట్టుకోవడానికి రేకు డబ్బా ఒకటి పెట్టుకునేవాణ్ణి.

వశిష్ఠ_గట్టు:
బ్రదర్ కాదండీ, సిస్టర్. మాది సఖినేటిపల్లి వైపు. డిగ్రీకి నర్సాపురం వెళ్ళేదాన్ని. పొద్దున్నా సాయంత్రం పంటు మీదే గోదావరి దాటాలి. ఘరానా మొగుడు వచ్చిన ఏడాది మేం అమ్మాయిలం నలుగురం పంటు ఎక్కగానే అవతల సైకిళ్ళ దగ్గర నుంచి ఒకడు మొదలుపెట్టేవాడు, కోడిపెట్ట అని. మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. బస్సులో అయితే తర్వాతి స్టాపులో దిగిపోవచ్చు. వశిష్ఠ మధ్యలో పంటు మీద ఎక్కడికి దిగుతాం? అవతలి రేవు వచ్చేదాకా నీళ్ళకేసి చూస్తూ నిలబడటమే. టిక్కెట్లు కొట్టేవాడితో సహా నవ్వేవాళ్ళు. మాలో ఒకమ్మాయి ఇంట్లో చెప్పింది. పాట పాడినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. ఆ అమ్మాయిని చదువు మాన్పించారు.

కౌశిక_ఒడ్డు:
మేడమ్, నేను ఆ పాట లిస్టులో పెట్టకపోవడానికి సగం కారణం ఇదే. అలాంటి పాటలు.

వశిష్ఠ_గట్టు:
మీ లిస్టులో అబ్బనీ తియ్యనీ దెబ్బ ఉంది కదండీ. వానలో తడిసే పాటలు రెండున్నాయి. మీ పదో నంబరు పాటా పాడేవాళ్ళు, ఊరు పేరు మార్చి. ఇంట్లో చిన్నగా వింటే మర్యాదగా అయిపోతాయా? నా పేరు చెప్పి మీ లిస్టుకి సర్టిఫికెట్ తెచ్చుకోకండి.

మైకుసెట్టు_మూర్తి:
అమ్మా, పంటు మీద వెధవలు వాగితే పాట చేసిన తప్పేంటి? మేమేం చేశాం?

వశిష్ఠ_గట్టు:
పాట తప్పని నేను ఎక్కడ అన్నాను? నా లిస్టు వేస్తే ఒకటో నంబరు బంగారు కోడిపెట్టే.

ఆత్రేయపురం_పూత:
ఇదేం ట్విస్టు 😳

వశిష్ఠ_గట్టు:
ట్విస్టు ఏం లేదు. ఆ పాట మొదట్లో వచ్చే దరువుకి కాళ్ళు ఆగవు. మా పిన్నిగారింట్లో టేప్‌రికార్డర్ ఉండేది. మగవాళ్ళు చేలోకి వెళ్ళాక, వీధి తలుపు గడియ పెట్టి, మా పిన్నీ నేనూ మా చెల్లెళ్ళూ ఆ పాటకి గెంతేవాళ్ళం. పిన్ని చేతిలో అట్లకాడ ఉండేది, దాంతోనే డిస్కో శాంతి. ఎవరైనా తలుపు కొడితే టక్కున ఆపి భక్తిపాటల క్యాసెట్ పెట్టేది. అది మా పాట కూడా. మేం వీధిలో పాడుకునే వీల్లేని పాట. నా గొడవ పాటతో కాదు. మూర్తి గారు 'జనం అడిగారు' అంటున్నారే, ఆ మాటతో. ఆ రేకు డబ్బాలో ఒక్క ఆడపిల్ల చీటీ అయినా పడిందా?

మైకుసెట్టు_మూర్తి:
ఎందుకు పడలేదు? చిన్న తమ్ముళ్ళ చేత పంపేవారు. జాబిల్లి పాటలు, పున్నాగ పాటలు అవే ఎక్కువ వచ్చేవి.

వశిష్ఠ_గట్టు:
నేనూ పంపాను. తమ్ముడికి పిప్పరమెంట్లు కొనిపెట్టి మరీ పంపాను, వినాయకచవితి పందిరికి. నిమజ్జనం దాకా వేయలేదు.

మైకుసెట్టు_మూర్తి:
పేరు రాశారా చీటీ మీద?

వశిష్ఠ_గట్టు:
ఏ ఊళ్ళో ఉన్నారండీ మీరు? ఆ రోజుల్లో పెళ్ళికాని పిల్ల పేరు మైకులో చదివితే మా ఇంట్లో ఊరుకుంటారా?

మైకుసెట్టు_మూర్తి:
మరదే అమ్మా. 'ఫలానా వారి కోరికపై' అని పేరు చదివితేనే వాళ్ళు ఐదో పదో ఇచ్చేవాళ్ళు. పెద్దమనిషి కొడుకైతే ఇరవై. పేరు లేని చీటీ అడుక్కి వెళ్ళిపోయేది. అందరూ అదే చేసేవాళ్ళు, నేనొక్కణ్ణే కాదు.

కౌశిక_ఒడ్డు:
అంటే ఇంతసేపూ మీరు ఊరందరి ఇష్టం అని చెప్పింది ఇరవై రూపాయలిచ్చినవాడి ఇష్టమా?

వశిష్ఠ_గట్టు:
కౌశిక గారూ, మీరు ఆగండి. మీరు ఇంట్లో తలుపు వేసుకోకుండానే విన్నారు.

మూర్తి గారూ, అదే నేను అడుగుతున్నది. పంటు మీద పాడినవాళ్ళే మీ డబ్బాలో చీటీలేసినవాళ్ళు. వాళ్ళ పేరు మీరు చదివారు, వాళ్ళ పాట మీరు నాలుగుసార్లు వేశారు. మర్నాడు పొద్దున్న అదే పాట వాళ్ళు మా మీద పాడారు.

అచ్చతెలుగు_తణుకు:
రోజా గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

మైకుసెట్టు_మూర్తి:
అమ్మా, మీరన్నది విన్నాను. అబద్ధం అనట్లేదు. కానీ కమిటీ వాళ్ళు మాట్లాడుకున్న డబ్బులో సగం పండగయ్యాక ఇచ్చేవాళ్ళు, మిగతా సగానికి వచ్చే ఏడాది రమ్మనేవాళ్ళు. జనరేటర్‌లో డీజిల్ మాత్రం ఆ రాత్రే పోయాలి. చీటీ డబ్బులు లేకపోతే ఏది పోసి నడిపేవాణ్ణి? పేరు లేని చీటీలు వేసుకుంటూ కూర్చుంటే రాత్రి పదికల్లా సెట్టు ఆగిపోయేది. అప్పుడు కోడిపెట్టా లేదు, పున్నాగా లేదు.

వశిష్ఠ_గట్టు:
పదికి ఆగిపోతే మాకు బాగానే ఉండేది. ఇంటికి చీకటిపడకముందే వెళ్ళిపోయేవాళ్ళం కాబట్టి పది తర్వాత మీరు ఏం వేసేవారో మాకు ఎలాగూ తెలియదు.