అరంగేట్రానికి కానన్ పవర్‌షాట్‌లో ఏది కొనాలి?

మైలాపూర్_నాన్న:
డిసెంబర్‌లో మా పాప అరంగేట్రం, ఇక్కడే చెన్నైలో ఒక సభ హాల్లో. ఫొటోగ్రాఫర్‌ని పెట్టాం, అయినా నా చేత్తో నేనూ నాలుగు తీసుకోవాలని ఆశ. రిహార్సల్లో ఫోన్‌తో జూమ్ చేసి తీస్తే పాప మొహం మైనం ముద్దలా వచ్చింది. జేబులో పట్టే కెమెరా కావాలి. కానన్‌లో చూస్తే జి1 ఎక్స్, జి5 ఎక్స్, జి7 ఎక్స్, జి9 ఎక్స్, ఎస్‌ఎక్స్740... మళ్ళీ వీటిలో మార్క్ 2, మార్క్ 3, తల తిరిగిపోయింది. షాపతనేమో 40 రెట్ల జూమ్ ఉంది, ఎస్‌ఎక్స్740 తీసుకోండి సార్ అంటున్నాడు. తీసుకోనా?

రిచీస్ట్రీట్_రెగ్యులర్:
ఆ జూమ్ పట్టపగలు వేడంతాంగల్ పక్షుల అభయారణ్యంలో కొంగలకి బాగుంటుందండీ, సభలో కాదు. దాని సెన్సర్, అంటే వెలుతురు పట్టే చిప్, చిటికెన వేలి గోరంత, జూమ్ చివరిదాకా లాగితే లెన్స్ ఎఫ్/6.9కి పడిపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది). జి7 ఎక్స్ మార్క్ 2 గానీ 3 గానీ చూడండి. సెన్సర్ వైశాల్యం దానికి నాలుగింతలు, జూమ్ చివర 100 ఎం.ఎం. దగ్గర కూడా ఎఫ్/2.8. 100 ఏం సరిపోతుంది అంటారేమో, పది మీటర్ల దూరంలో కెమెరా నిలువుగా పట్టుకుంటే ఫ్రేము ఎత్తు 3.6 మీటర్లు, పాప తల నుంచి గజ్జెల దాకా వచ్చి ఇంకా బోలెడు ఖాళీ మిగులుతుంది. 20 మెగాపిక్సెళ్ళు ఉన్నాయి కాబట్టి తర్వాత కత్తిరించుకోండి. ఫొటోలకే అయితే 2016 నాటి మార్క్ 2 సెకండ్ హ్యాండ్‌లో చాలు. 4కె వీడియో, బయటి మైక్ కావాలంటేనే మార్క్ 3.

పాత_రీలు:
జి1 ఎక్స్ మార్క్ 3 సెన్సర్ ఇంకా పెద్దది కదా?

రిచీస్ట్రీట్_రెగ్యులర్:
పెద్దదే, కానీ లెన్స్ జూమ్ 72 ఎం.ఎం. దగ్గరే ఆగిపోతుంది, అక్కడ ఎఫ్/5.6. సెన్సర్ ఇచ్చింది లెన్స్ లాగేసుకుంది.

అడయార్_అమ్మ:
ఏది కొన్నా సరే, చీకట్లో ఫోకస్ కోసం వెలిగే లైటు మెనూలో ఆపేయండి, బీప్ కూడా. నేను మర్చిపోయా. మా అమ్మాయి కళ్ళు మూసుకుని అభినయం చేస్తుంటే ఆ వెలుగు సూటిగా మొహం మీద పడింది, గురువుగారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. షట్టర్ 1/250 సెకను పెట్టి, నట్టువాంగం (గురువుగారి తాళాల మోత) వింటూ, తీర్మానం (జతి ముగింపు) చివర అరమండిలో, అంటే మోకాళ్ళు వంచి సగం కూర్చున్నట్టు, ఆగినప్పుడు నొక్కండి. మధ్యలో తీస్తే చేతులు పొగలా వస్తాయి.

మైలాపూర్_నాన్న:
నిన్న ఒక మార్క్ 2 చూశా, ధర బాగుంది కానీ ఆన్ చేస్తే లెన్స్ కరకరమంటోంది.

రిచీస్ట్రీట్_రెగ్యులర్:
ఎవరో మెరీనాకి తీసుకెళ్ళి ఉంటారు, ఇసుక దూరింది. ముట్టుకోకండి. ఇంకోటి చూసేటప్పుడు టార్చ్ తీసుకెళ్ళి లెన్స్‌లోకి వేసి చూడండి, మన ఊరి ఉక్కకి లోపల ఫంగస్ సాలెగూడులా అల్లుకుంటుంది.