"తకి నో షిరయితో": ధారా, దారమా?

అందరికీ నమస్కారం. జపాన్ మూకీ సినిమా ఒకదానికి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. కెంజి మిజోగుచి 1933లో తీసిన "తకి నో షిరయితో". తెర పక్కన నిలబడి కథ చెప్పే "బెన్షి"లకు అక్కడ అంత ఆదరణ ఉండటంతో, టాకీలు వచ్చాక కూడా జపాన్‌లో మూకీలు కొన్నేళ్లు నడిచాయి. నాయిక రంగస్థలం మీద నీళ్లతో గారడీ చేస్తుంది. విసనకర్ర అంచు నుంచి, కత్తి మొన నుంచి నీళ్లు చిమ్మిస్తుంది. ఆ పాత్ర వేసిన తకాకో ఇరియే సొంత సంస్థే ఈ సినిమా తీసింది. సినిమా పేరు నాయిక రంగస్థలం పేరే. ఇంగ్లీషులో "నీళ్ల గారడీ మనిషి" అనే అర్థం వచ్చేలా పెట్టారు. వృత్తి తెలిసింది, పేరు పోయింది. మాటకు మాట తెస్తే "జలపాతపు తెల్లదారం" అవుతోంది. మనిషిని అలా పిలవలేం కదా. సాయం చేయండి.

———

అన్నా, ముందు ఆ పేరు విప్పి చూద్దాం. తకి అంటే జలపాతం. నో మన షష్ఠీ విభక్తి లాంటిది, "యొక్క" అనక్కర్లేదు, "జలపాతపు"లో ఆ "పు" చాలు. ఇతో అంటే దారం. తెలుపును విడిగా షిరో అంటారు, ఇలా సమాసంలో చేరితే షిర అవుతుంది. మనకూ అంతే. విడిగా తెలుపు, సమాసంలో తెలి. తెలిమంచు, తెలినురుగు.

ఇక ఆ దారం అక్కడివాళ్లకు వింత కాదు. ఫుజి కొండ దగ్గర షిరయితో పేరుతోనే ఒక జలపాతం ఉంది. ఎత్తు 20 మీటర్లే, వెడల్పు మాత్రం 150 మీటర్ల దాకా. రాతి అంచు పొడవునా సన్నటి పాయలు దిగుతుంటాయి. ఆ ఫొటో చూసినప్పుడు నాకు మా వీధి గుర్తొచ్చింది. మాది మగ్గం ఇల్లు. తెల్లారకముందే వీధిలో పడుగు చాచి గంజి పెట్టేవారు. ఎండ తగలకముందు ప్రతి పోగు కిందా చుక్కలు వరసగా వేలాడేవి. తాతయ్య కుంచె లాగగానే అన్నీ ఒక్కసారి జారేవి. కుళాయి సన్నగా వస్తుంటే ఇంట్లో ఇప్పటికీ "నీళ్లు దారంలా వస్తున్నాయి" అనే అంటాం.

అందుకని నా ఓటు "తెలిధార"కు. తెలుగు మాటకు సంస్కృతపు మాట అతికించిన వైరి సమాసం అని ఎవరైనా అంటారేమో, "నల్లమేఘం" తప్పు కానప్పుడు ఇదీ తప్పు కాదు. మిశ్రసమాసమే.

———

తమ్ముడూ, పేరు చాలా బాగుంది. దారం పోయిందని మొదట బాధేసింది కానీ, పైకి చదివి చూశాను. ధార, దారం. ఒక ఒత్తు, చివర ఒక సున్నా, అంతే తేడా. రెంటికీ పుట్టుకలో చుట్టరికం ఉందని అనను, చెవికి మాత్రం ఉంది. జపనీయులు కంటికి చూపించినదాన్ని మనం చెవికి వినిపిస్తున్నాం.

ఇంకొకటి. కథలో నాయిక తన సంపాదనంతా కిన్య అనే కుర్రవాడి చదువుకు పంపుతుంది కదా? అలా ఇచ్చేయడాన్ని మనం ఏమంటాం? ధారపోయడం. దానం ఇచ్చేటప్పుడు చేతిలో నీళ్లు వదులుతామే, ఆ ధార. జపాన్ పేరులో ఈ అర్థం లేదని తెలుసు. అయినా కథలో ఉంది. తెలుగులో అది వచ్చి చేరితే వద్దనడం దేనికి?

———

అక్కా, ఈ మాట నాకు తట్టనే లేదు. కథ సరిగ్గా అదే. కిన్య గుర్రబ్బండి తోలే కుర్రవాడు. లా చదవమని టోక్యో పంపి, ప్రదర్శనల మీద వచ్చిన డబ్బు అతనికి పంపుతుంది. చలికాలంలో ప్రదర్శనలు సాగక అప్పు చేస్తుంది. ఆ డబ్బు దొంగలు కొట్టేస్తారు, చివరికి అప్పిచ్చినవాడు ఆమె చేతిలో చనిపోతాడు. విచారణలో ప్రాసిక్యూటర్‌గా వచ్చేది కిన్యే.

మీ మాట చదివి, డబ్బు పంపే చోటల్లా "ధారపోశాను" అని మార్చబోయాను. పైకి చదివితే కుదరలేదు. పక్కవాళ్లు "ధారపోసింది" అంటే మెచ్చుకోలు. తనే "నీకోసం ధారపోశాను" అంటే దెప్పిపొడుపు. ఈవిడ ఒక్కసారి కూడా దెప్పదు. కాబట్టి ఆమె నోట "పంపాను" అనే ఉంటుంది. ధార పేరులో మాత్రమే.

మూలకథ ఇజుమి క్యోకా 1894లో రాసింది, దాని పేరు వేరు. సినిమాకు "తెలిధార" ఖాయం చేస్తున్నాను. ఆమె అసలు పేరు తోమో, ఇంటిపేరు మిజుషిమ. అందులోనూ మిజు, అంటే నీళ్లు, ఉంది. దాన్ని మాత్రం ముట్టుకోను, ఇంటిపేరు కదా. పేరు చదివేవాళ్లకు ఆ నీళ్లు తెలియాలంటే ఏం చేయాలో ఎవరికైనా తోస్తే చెప్పండి.